ట్యాంకు మూత కింద కులం

'సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తూ ఊపిరాడక ఇద్దరు మృతి' అనే వార్తకు మన పత్రికల్లో ఒక స్థిరమైన ఆకారం ఏర్పడిపోయింది. ముందు ఒకరు దిగుతారు. ఉలుకూ పలుకూ లేకపోవడంతో రెండోవారు దిగుతారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి మృతదేహాలను వెలికితీస్తారు. పోలీసులు కేసు నమోదు చేస్తారు. స్థానిక నాయకులు పరామర్శించి పరిహారం ప్రకటిస్తారు. మృతుల పేర్లు, వయసు, ఊరు వార్తలో ఉంటాయి. కులం సాధారణంగా ఉండదు. ఉండకపోయినా పాఠకుడికి తెలిసిపోతుంది. ఆ వార్తలో ఎన్నడూ కనిపించని వివరాలు మరికొన్ని ఉన్నాయి. ఆ ట్యాంకును ఏ కొలతలతో కట్టారు? లోపల అడ్డుగోడ ఉందా? మూత ఎక్కడ పెట్టారు? చివరిసారి ఏ సంవత్సరంలో ఖాళీ చేశారు? గొట్టంతో లాగేయవలసిన మడ్డిని మనిషి దిగి బకెట్లతో తోడవలసిన స్థితి ఎందుకు వచ్చింది? ఆ మరణానికి కారణాలు ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే ఉంటాయని నా అభిప్రాయం.

సెప్టిక్ ట్యాంకు ఎలా పనిచేస్తుందన్నది తాపీమేస్త్రీకో ప్లంబరుకో సంబంధించిన సంగతి అని మనం అనుకుంటాం. కులం గురించి చర్చించే చోట దాని ప్రస్తావన దేనికని కొందరికి అనిపించవచ్చు. నేను చెప్పదలచినది ఇది: ట్యాంకులోకి మనిషి దిగవలసిన అగత్యం ఆ ట్యాంకు స్వభావంలో లేదు. దాన్ని మనం కట్టే తీరులోను, కట్టిన తరవాత మరచిపోయే తీరులోను ఉంది. అలా మరచిపోవడానికి కావలసిన నిశ్చింతను మనకు కుల వ్యవస్థ ఇస్తోంది.

ముందుగా అంకెలు చూద్దాం. 2019 నుంచి 2023 వరకు అయిదేళ్లలో మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను ప్రమాదకరంగా శుభ్రం చేస్తూ 377 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ప్రభుత్వ సర్వేల్లో నమోదైన పాకీ పనివారిలో కుల వివరాలు లభించినవారు 43,797 మంది కాగా, వారిలో 42,594 మంది షెడ్యూల్డ్ కులాలకు చెందినవారని 2021 డిసెంబరులో వెల్లడించింది. అంటే నూటికి 97 మంది. ఆ తరవాత 'నమస్తే' పథకం కింద పట్టణాల్లో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల పనిలో ఉన్న దాదాపు 38,000 మంది వివరాలు సేకరించగా, నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలవారేనని తేలింది. ఒక్క ఎస్సీలే నూటికి 69 మంది. ఉత్తరాంధ్రలో రెల్లి, రాయలసీమలో తోటి, హైదరాబాదులో మెహతర్ అని ప్రాంతాన్ని బట్టి కులం పేరు మారవచ్చు గాని, పని మారలేదు.

ఇక ట్యాంకు సంగతి. సెప్టిక్ ట్యాంకు అంటే మలాన్ని దాచిపెట్టే గొయ్యి అని చాలామంది భావన. నిజానికి అది నీటిని కొంతసేపు కదలకుండా నిలిపి ఉంచే తొట్టి. మరుగుదొడ్డి నుంచి వచ్చిన నీరు లోపల ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. ఆ నిలకడలో బరువైన పదార్థం అడుగుకు చేరి మడ్డి అవుతుంది. నూనె, జిడ్డు వంటి తేలిక పదార్థం పైకి తేలి తెట్టు కడుతుంది. ఈ రెండింటి నడుమ కొంత తేరుకున్న నీరు ఉంటుంది. లోపలికి వచ్చే గొట్టానికీ బయటికి పోయే గొట్టానికీ 'టీ' ఆకారపు ముక్కలు బిగించడంలో అంతరార్థం ఇదే: వచ్చే నీరు మడ్డిని కెలకకూడదు, పోయే నీరు తెట్టును మోసుకుపోకూడదు. మధ్యలో అడ్డుగోడ కట్టి రెండు గదులుగా విభజిస్తే మొదటి గదిలోనే చాలా భాగం మడ్డి ఆగిపోతుంది. గాలి సోకని ఆ చీకటిలో బతికే బ్యాక్టీరియా మడ్డిని కొంతవరకు కుళ్లబెట్టి తగ్గిస్తుంది. ఆ క్రమంలో పుట్టే వాయువులు పోవడానికి ఎత్తయిన గాలి గొట్టం ఉండాలి. నడిమి నీరు ఇంకుడు గుంటలోకి వెళ్లి నేలలో వడకట్టుకుపోవాలి. ఆ నీరు చూడటానికి తేటగా ఉన్నా రోగకారక క్రిములు అందులో ఉంటూనే ఉంటాయి కనుక దాన్ని వీధి కాలువలోకి వదలడం తప్పు.

బ్యాక్టీరియా ఎంత పనిచేసినా మడ్డి పూర్తిగా మాయం కాదు. ఇంట్లోని ఒక్కొక్క మనిషికి ఏటా కొన్ని పదుల లీటర్ల చొప్పున అది అడుగున పేరుకుంటూ ఉంటుంది. పేరుకున్నకొద్దీ నీరు నిలిచే చోటు తగ్గుతుంది, నిలిచే సమయమూ తగ్గుతుంది. చివరికి ట్యాంకు ఉన్నా లేనట్టే అవుతుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి మడ్డిని తీయించాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అప్పటికి అది ఇంకా జారుడుగా ఉంటుంది. లారీ మీది పంపు దాన్ని గొట్టంతో సులువుగా లాగేస్తుంది. ఎవరూ దిగనక్కర లేదు. అడుగున కొంచెం మడ్డిని వదిలేయడమే మంచిది కూడా. కొత్తగా వచ్చే మురుగును కుళ్లబెట్టే క్రిములు అందులోనే ఉంటాయి. కనుక 'అడుగు దాకా గీకి కడిగి పెట్టాలి' అనే గృహస్థుల పట్టుదలకు శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ నియమావళి ప్రకారం అయిదుగురున్న ఇంటికి ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు ఉన్న ట్యాంకు సరిపోతుంది. అది నులక మంచమంత చోటు కూడా కాదు. మన ఊళ్లలో ఇల్లు కట్టుకునేవారెవరైనా అంత చిన్న ట్యాంకుకు ఒప్పుకుంటారా? నేను గమనించినంతలో ఎవరూ ఒప్పుకోరు. ఎనిమిదడుగులు, పదడుగుల లోతు తవ్విస్తారు. 'ఇరవై ఏళ్లు చూడక్కర లేదు' అని మేస్త్రీ హామీ ఇస్తాడు, యజమాని అదే మాట బంధువులకు గర్వంగా చెప్పుకొంటాడు. డబ్బు పొదుపు చేయాలనుకున్నవారు సిమెంటు రింగులు ఒకదానిమీద ఒకటి దించి, అడుగున కాంక్రీటు లేకుండా వదిలేసి, దానికీ సెప్టిక్ ట్యాంకు అనే పేరు పెడతారు. అడ్డుగోడ ఉండదు. ఇంకుడు గుంట ఉండదు. బయటి గొట్టం తిన్నగా వీధి కాలువలోకి పోతుంది. పైన శ్లాబు వేసి, దాని మీద టైల్సు పరిచి, కారు నిలుపుకొంటారు. మూత ఎక్కడుందో కొన్నాళ్లకు ఇంటివారికే తెలియదు. అద్దెకు వచ్చినవారికి, ఇల్లు కొనుక్కున్నవారికి అసలే తెలియదు.

ఇంత పెద్ద గొయ్యి మీద మోజు ఎందుకు? ఉత్తర భారత గ్రామాల్లో మరుగుదొడ్ల వాడకాన్ని పరిశీలించిన డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో ప్రచురించిన 'వేర్ ఇండియా గోస్' పుస్తకంలో దీనికి సమాధానం వెతికారు. గుంట చిన్నదైతే త్వరగా నిండుతుంది, నిండితే ఎవరో ఒకరు ఖాళీ చేయాలి, ఆ పని తాము చేస్తే మైల, చేయడానికి 'ఆ కులంవారు' మునుపటిలా సిద్ధంగా లేరు. కనుక ఎన్నటికీ నిండని గుంట కావాలన్న కోరిక అంటరానితనం నుంచి పుట్టిందని వారి నిర్ధారణ. స్వచ్ఛ భారత్ మిషన్ 2014లో మొదలైనప్పుడు గ్రామాలకు సిఫారసు చేసిన జంట గుంటల పద్ధతిని చూడండి. ఒక గుంట నిండాక రెండోదానికి మళ్లిస్తే, మొదటి గుంటలోనిది ఏడాది రెండేళ్లలో వాసన లేని పొడి ఎరువుగా మారుతుంది. ఇంటివారే పారతో ఎత్తి చేలో వేసుకోవచ్చు. భూగర్భ జలం బాగా పైన ఉండే డెల్టా ప్రాంతాలను మినహాయిస్తే చాలాచోట్ల అది పనికొచ్చే పద్ధతి. అయినా ఆ ఎరువును తాకడానికి జంకేవారు, పశువుల పేడను చేత్తో పిసికి పిడకలు చేసే ఇళ్లలోనే కనిపిస్తారు. ఈ జంకును పరిశుభ్రత పట్ల శ్రద్ధ అనడం కష్టం.

మైల భయంతో కట్టిన పెద్ద గొయ్యి చివరికి ఏం చేస్తుందో చూద్దాం. పది పదిహేనేళ్లు కదపకుండా వదిలేసిన మడ్డి అడుగున గట్టిపడి బంకమట్టిలా అవుతుంది. శానిటరీ ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లు, గుడ్డ పేలికలు, ఇసుక అందులో చిక్కుకుంటాయి. ఒకనాడు మరుగుదొడ్డి ఎదురుతన్నుతుంది. ఇంటిల్లిపాదికీ అప్పుడు ట్యాంకు గుర్తొస్తుంది. లారీని పిలుస్తారు. పంపు పైనున్న నీటిని లాగేస్తుంది, గడ్డకట్టిన మడ్డి మాత్రం గొట్టానికి అందదు. 'ఇంత డబ్బు తీసుకుని సగమే చేస్తారా' అని యజమాని అడుగుతాడు. 'కొంచెం పైకం ఎక్కువిస్తే మనిషిని దింపుతాం' అని బేరం తెగుతుంది. ఇరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోని పనిని ఒక మనిషి గంటలో పూర్తి చేయాలి.

ఆ గంటలో లోపల జరిగేది తెలిస్తే ఎవరూ ఆ బేరం ఆడరు. గాలి లేకుండా కుళ్లిన మడ్డి నుంచి మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువైనది. గోతి అడుగునే నిలుస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు చేరేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. 'వాసన తగ్గింది, ఇక దిగవచ్చు' అనుకునే క్షణమే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అయిదారు వందల వంతులు దాటితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. మూత తీసి గంటసేపు ఆరబెట్టినా లాభం ఉండదు. ఆ వాయువు మడ్డిలో బుడగలుగా బందీ అయి ఉండి, మనిషి దిగి కెలికినప్పుడు ఒక్కసారిగా విడుదలవుతుంది. కొవ్వొత్తి దించి చూడటం పరీక్ష కానే కాదు. అది విషవాయువును పసిగట్టదు సరికదా, మీథేన్ ఉంటే అంటుకుంటుంది. ముఖానికి కట్టుకున్న తువ్వాలు, మందుల దుకాణంలో దొరికే మాస్కు ఏ వాయువునూ ఆపవు, ప్రాణవాయువును ఇవ్వవు. అందుకే ఒకరి వెంట ఒకరు పోతారు. 2015 నవంబరులో కోజికోడ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో పడిపోతే, వారిని కాపాడబోయిన స్థానిక ఆటో డ్రైవరు కూడా ప్రాణాలు కోల్పోయాడు.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో గృహస్థులలో బహు కొద్దిమందికే తెలుసు. 1993 నాటి చట్టం పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని, వాటిని చేతులతో ఎత్తించడాన్ని నిషేధించింది. అది కాగితం మీదే మిగిలిపోకుండా చేయడానికి, కోలార్ బంగారు గనుల పట్టణంలో తెలుగు పారిశుధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారు సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిర్మించారు. 2003లో వారు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ పోరాటంతో పొడి దొడ్లు చాలావరకు కూలాయి. వాటి స్థానంలో సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి. రోజూ తెల్లవారుజామున కళ్లెదుట జరిగిన పని, ఏ పదేళ్లకో ఒకసారి నేల కింద జరిగే పనిగా మారింది. గంప పోయింది గనుక కులమూ పోయిందని మధ్యతరగతి సంతృప్తి పడింది.

2013లో వచ్చిన కొత్త చట్టం ఈ మార్పును గుర్తించి మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను తన పరిధిలోకి తెచ్చింది. ఏ వ్యక్తి గాని, స్థానిక సంస్థ గాని, ఏజెన్సీ గాని, నేరుగానో పరోక్షంగానో ఎవరినీ వాటి ప్రమాదకర శుభ్రతకు నియమించకూడదని దాని 7వ సెక్షన్ నిర్దేశిస్తోంది. 'వ్యక్తి' అన్నచోట ఇంటి యజమాని కూడా ఉన్నాడు. మొదటి తప్పుకు రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. బెయిలు హక్కుగా దొరకని నేరమిది. షెడ్యూల్డ్ కులాలవారిని పాకీ పనికి పెట్టడాన్ని 2015 సవరణ ద్వారా అత్యాచారాల నిరోధక చట్టం కిందికి కూడా తెచ్చారు. 1993 నుంచి మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలన్నిటికీ పది లక్షల చొప్పున ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరు తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది.

చట్టంలోనే ఒక సందు ఉంది. రక్షణ సామగ్రి ఇవ్వకుండా దింపితేనే అది 'ప్రమాదకర శుభ్రత'. ఇస్తే కాదు. ఇరుకైన మూత ఉన్న ఇంటి ట్యాంకులోకి శ్వాస పరికరాలు, నడుము పట్టీ, తాడు, పైన శిక్షణ పొందిన సహాయకులతో దిగినవారిని మనలో ఎవరు చూశారు? ఇంకో తిరకాసు ప్రభుత్వ వర్గీకరణలో ఉంది. పాకీ పని వల్ల ఎవరూ చనిపోలేదని, చనిపోయినవారంతా ప్రమాదకర శుభ్రతలో మరణించారని పార్లమెంటులో సమాధానాలు వచ్చాయి. గంపతో ఎత్తినా, గోతిలో దిగి తోడినా చేసే కులాలు ఒకటే అయినప్పుడు ఈ విభజన ఎవరికి ఉపయోగం? 2025 జనవరిలో హైదరాబాదు సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు కాలువల శుభ్రతను ఆపాలని సుప్రీంకోర్టు ఆదేశించడం మంచి పరిణామమే. కాని 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ గృహాల్లో నూటికి 33 మాత్రమే మురుగు కాలువ వ్యవస్థకు కలిసి ఉండగా, 38 గృహాలు సెప్టిక్ ట్యాంకుల మీద ఆధారపడ్డాయి. మురుగు కాలువకు యజమాని మున్సిపాలిటీ గనుక దాన్ని నిలదీయవచ్చు. ప్రహరీ గోడ లోపలి ట్యాంకును అడిగేవారెవరు?

ఇది కుల సమస్య కాదు, పేదరికం సమస్య అనేవారున్నారు. అన్ని కులాల్లోను పేదలున్నారు. వారిలో ఎందరో బరువులు మోస్తారు, ఇటుకలు కాలుస్తారు, హోటళ్లలో కప్పులు కడుగుతారు. పేదరికమే కారణమైతే ట్యాంకులో దిగేవారి జాబితా కూడా అంత కలగలుపుగా ఉండాలి. పైన ఇచ్చిన అంకెలు అలా లేవు. 'వాళ్లే దిగుతామంటారు, మేం బలవంతం చేయలేదు' అనేది ఇంకొక వాదన. వేరే పని దొరకని మనిషి, ఇంటి యజమాని విసుగును, లారీ యజమాని తొందరను, ఆ పూట కూలిని ఎదురుగా పెట్టుకుని ఇచ్చే ఒప్పుకోలును సమ్మతి అనలేం. లోపలి వాయువుల గురించి అతనికి చెప్పినవారెవరు? చెప్పడానికి యజమానికే తెలియదు.

యంత్రాలు వస్తే అన్నీ చక్కబడతాయనే నమ్మకం మీద కూడా ఒక మాట. యంత్రాలు రావలసిందే. హైదరాబాదు జలమండలి 2017లో దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టింది. ఆ యంత్రాలు ఇరుకు వీధుల్లోకి వెళ్లగలవు. మూత లేని శ్లాబులోకి మాత్రం ఏ యంత్రమూ దూరలేదు. రాయిలా బిగిసిన మడ్డిని ఏ పంపూ లాగలేదు. యంత్రం పనిచేయాలంటే ఇల్లు దానికి అనుకూలంగా ఉండాలి. లాగిన మడ్డి ఎక్కడికి పోతుందన్నది మరో ప్రశ్న. శుద్ధి కేంద్రం లేని పట్టణాల్లో లారీలు దాన్ని ఊరి చివర చెరువులోనో కాలువలోనో వదిలేస్తాయి. ఊరి చివర ఎవరి ఇళ్లుంటాయో తెలుగువారికి వివరించనక్కర లేదు.

దారి లేకపోలేదు. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మల వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చి, లారీలకు లైసెన్సు విధానం పెట్టి, తరవాత శుద్ధి కేంద్రాన్ని నెలకొల్పింది. మహారాష్ట్రలోని వాయి, సిన్నర్ పట్టణాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. అక్కడ ట్యాంకు పొంగేదాకా ఆగరు. మూడేళ్లకోసారి వంతుల ప్రకారం లారీ ప్రతి ఇంటికీ వస్తుంది. ఖర్చు పన్నులో కలిసిపోతుంది. మడ్డి గట్టిపడే వ్యవధి ఉండదు గనుక మనిషి దిగే అవసరమూ రాదు. మన రెండు రాష్ట్రాల మున్సిపాలిటీలు దీన్ని అనుసరించడానికి అడ్డేమిటి? ఇంటి నిర్మాణానికి అనుమతి ఇచ్చేటప్పుడు వాస్తు కోసం మూలలు చూసే యజమానుల దగ్గర, శ్లాబు మూయకముందే ట్యాంకు అడ్డుగోడను, మూతలను, గాలి గొట్టాన్ని అధికారి తనిఖీ చేయాలి. ప్రతి ట్యాంకు చివరిసారి ఖాళీ అయిన తేదీ ఆస్తిపన్ను రికార్డులో ఉండాలి. మరణం సంభవిస్తే లారీ డ్రైవరు మీద కేసుతో సరిపెట్టకుండా, పని పురమాయించిన యజమానిని కూడా 7వ సెక్షన్ కింద నిలబెట్టాలి. ఈ పనిలో తరతరాలుగా ఉన్న కుటుంబాలకు లారీల యాజమాన్యం, శాశ్వత ఉద్యోగం ఇవ్వడంతో పాటు, అసలు ఈ పని నుంచే బయటపడే దారి, పిల్లల చదువు హామీగా ఉండాలి. యంత్రం మారి, స్టీరింగు వెనక కులం మాత్రం అదే ఉంటే దాన్ని విముక్తి అనలేం.

ప్రభుత్వం చేయవలసినవి చేసేవరకు గృహస్థులు ఎదురుచూడనక్కర లేదు. మన ఇంటి ట్యాంకు ఎక్కడుంది, ఎన్ని గదులది, మూత తీయడానికి వీలుందా, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశాం అనే నాలుగు సంగతులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. టైల్సు కింద మూత కూరుకుపోయి ఉంటే పగలగొట్టి పైకి తేవాలి. మూడేళ్లు దాటితే లారీని పిలవాలి. ప్యాడ్లు, ప్లాస్టిక్ అందులో వేయకూడదు. లారీ వచ్చిననాడు ఇంటి యజమాని వాకిట్లో నిలబడి, గొట్టానికి అందినంతే తీయమని, అందనిది వదిలేయమని, ఎంత డబ్బుకైనా మనిషి దిగడానికి వీల్లేదని ముందే చెప్పాలి. మిగిలిపోయిన మడ్డిలో నీరు పోసి, జెట్టింగ్ యంత్రంతో పైనుంచే కరిగించి, ఇంకోరోజు లాగించుకోవచ్చు. దానికి మరో లారీ ఖర్చు అవుతుంది. ఇన్నేళ్లూ ఆ ఖర్చును మన తరఫున ఎవరో చెల్లిస్తూ వచ్చారు.